నూనె రాసిన కుర్చీ

అక్క పోయాక ఇరవై రోజులకు షెడ్డు తలుపు తీశాను. తీయాలనిపించి కాదు. మా ఊళ్లోనే ఖరిదా పేట నుంచి ఒకావిడ వచ్చి గుమ్మంలో నిలబడింది. ఇంట్లో చుట్టాలకు వేసిన పరుపులు ఇంకా ఎత్తలేదు. ఆవిడను కూర్చోబెట్టడానికి చోటు లేక తీశాను.

సుభాష్‌పల్లిలో మా ఇంటి వెనక రేకుల షెడ్డు అది. మా నాన్న రైల్వే వర్క్‌షాపులో వడ్రంగి. ఆయన దగ్గరే అక్కా నేనూ పని నేర్చుకున్నాం. పాతికేళ్లుగా నేను చెక్క సామాను చేస్తాను, అక్క పాలిష్ పెడుతుంది. పెట్టేది.

వచ్చినావిడను చిన్నప్పటి నుంచి అత్తా అనే పిలుస్తాం. వాళ్లాయన రైలు డ్రైవరుగా రిటైరయ్యాడు. నాలుగు నెలల కిందట పక్షవాతం వచ్చి ఎడమవైపు పడిపోయింది. ఇప్పుడు కర్ర పట్టుకుని నాలుగడుగులు వేస్తున్నాడు గానీ, కూర్చుంటే ఎవరో ఒకరు లేపాలి.

"ఆసుపత్రోళ్లు ఇనప కుర్చీ ఒకటి సూపించినారమ్మా. దాన్లో కూకోనంటే కూకోనన్నాడు. మన పిల్ల సేత సేయించు, కుర్చీ అంటే కుర్చీలాగుండాల అంటన్నాడు," అంది. గొంతు తగ్గించి, "మీ అక్క సంగతి ఆయనకి సెప్పలేదు. గుండె కూడా బాగోలేదన్నారు. నువ్వూ అనకే," అంది.

సరేనన్నాను. కష్టమేమీ అనిపించలేదు. కూరలో ఉప్పు పడిందో లేదో కూడా తెలియని రోజులవి.

నేను ముందు బొమ్మ గీయను. మనిషిని చూస్తాను. మావయ్యను మంచం మీద, స్టూలు మీద, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోమన్నాను. లేవబోయిన ప్రతిసారీ ఆయన కుడిచెయ్యి ముందుకు వెళ్లి గాలిలో దేనికోసమో వెతికింది. ఎడమచెయ్యి ఒళ్లోంచి జారి పక్కకు వేలాడింది. మోకాలి నుంచి నేల దాకా టేపు పెట్టి కొలిచాను. తర్వాత పాత పెట్టెల చెక్కలతో మేకులు కొట్టి ఒక మోటు కుర్చీ చేసి, వారం రోజులు వాళ్లింట్లో ఉంచాను. కుడిచెయ్యి ఎక్కడ పడుతోందో అత్త పెన్సిలుతో గీతలు పెట్టింది. గీతలన్నీ మామూలు కుర్చీ చెయ్యి ఆగిపోయే చోటు దాటి నాలుగు వేళ్లు ముందుకు పడ్డాయి.

అసలు కుర్చీకి పాత రైలుపెట్టెల టేకు తీశాను. దాని నిండా మరలు ఊడదీసిన చిల్లులుంటాయి. అందరూ లప్పం పెట్టి కప్పేస్తారు. మేం దాచం, పనస చెక్కతో బిరడాలు చేసి దిగ్గొడతాం. ఎర్రటి టేకులో పసుపు చుక్కల్లా కనిపిస్తాయి. ఈసారి వీపు పలకను అటూ ఇటూ తిప్పి చూసి, చిల్లుల వరస ఏటవాలుగా పైకి వెళ్లేలా కోశాను. కేవలం అందం కోసం చేసింది అదొక్కటే. సీటు ఎత్తు పెంచాను. కుడివైపు చేతిని ముందుకు సాగదీసి, కొస గుండ్రంగా పిడికిట్లో ఇమిడేలా చెక్కాను. ఎడమవైపు వెడల్పుగా ఉంచి, చెయ్యి జారకుండా అంచున చిన్న గట్టు వదిలాను. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. నేను పక్కన నిలబడి చూస్తున్నట్టుండేది.

పాలిష్ దగ్గర ఆగిపోయింది. అక్క డబ్బాలో పాలిష్ లక్క గడ్డకట్టింది. గోల్‌బజార్ వెళ్లి కొత్త లక్క అడిగితే, కొట్లో బెంగాలీ దాదా "బొడో దీదీ రాలేదే?" అన్నాడు. పెద్దక్క పోయిందని చెప్పాను. ఆయన తూకం ఆపి నా మొహం చూశాడు. నేను ముల్లు వంక చూస్తూ నిలబడ్డాను.

మూడుసార్లు పెట్టాను. మూడుసార్లూ చారలు పడ్డాయి. అక్క మణికట్టు ఎలా తిరిగేదో పాతికేళ్లు పక్కనే ఉండి కూడా చూసుకోలేదు. అంతా గీకేసి, అవిసె నూనె రాసి ఊరుకున్నాను.

రిక్షా బండి మీద కుర్చీ తీసుకెళ్లిన రోజు మావయ్య శుభ్రంగా గడ్డం గీసుకుని ఉన్నాడు. కూర్చున్నాడు. మొదటిసారి లేవబోయి వెనక్కి పడ్డాడు. రెండోసారి అత్త చెయ్యి అందించబోతే వద్దన్నాడు. మూడోసారి కుడివైపు కొస పట్టుకుని ముందుకు వంగి, నెమ్మదిగా లేచి నిలబడ్డాడు. అత్త వంటింట్లోకి వెళ్లిపోయింది.

"ఎడంసేతికి గట్టెట్టినావు, బాగుంది," అన్నాడు. మళ్లీ కూర్చుని పలక తడుముతూ, "మెరుపు లేదేటి? మీ అక్క సెయ్యేనా ఇది?" అన్నాడు.

"కాదు మావయ్యా, నానే రాసినాను."

"అదేటి సేస్తంది మరి?"

"ఇంటికాడుంది," అన్నాను. నా గొంతు మామూలుగానే ఉంది.

నెల తిరక్కుండానే ఆయనకు తెలిసిపోయింది. చర్చి నుంచి చూడ్డానికి వచ్చినవాళ్లెవరో మాటల్లో అనేశారట. కబురు పెడితే వెళ్లాను. ఆ కుర్చీలోనే కూర్చుని ఏడుస్తున్నాడు. పక్షవాతం వచ్చిన మొహం కదా, ఒకవైపే వంకర తిరుగుతోంది. కన్నీళ్లు మాత్రం రెండువైపులా కారుతున్నాయి.

"నాతో ఎందుకు సెప్పలేదే? ఇంటికాడుందన్నావు. ఎంత నిమ్మళంగా అన్నావే!"

"అత్త వద్దంది మావయ్యా."

"అత్త వద్దంటే మాత్రం! అది ఇంతున్నప్పుడు నా ఇంజను సూత్తానని ఏడిసేది. ఎత్తుకుని సూపించినాను."

ఆ సంగతి నాకు తెలియదు. అక్క ఎప్పుడూ చెప్పలేదు. అంత చిన్నప్పటి అక్కను ఊహించబోయాను, మొహం రాలేదు. మా అక్క కోసం ఇంకొకరు ఏడుస్తుంటే చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఏడుపు రానందుకు సిగ్గు కూడా వేయలేదు.

కాసేపటికి ఆయన కుడిచెయ్యి కొస మీద పెట్టి తనంతట తను లేచాడు. "నువ్వు కూకో," అన్నాడు.

"నాకెందుకు మావయ్యా?"

"కూకోమన్నాను కదా."

కూర్చున్నాను. అది నా కొలతకు చేసింది కాదు. పాదాలు నేలకు సరిగా ఆనలేదు, ముందున్న కొస నా చేతికి దూరమైంది. అత్త టీ తెచ్చి గ్లాసు నా చేతిలో పెట్టింది. ఆయన కర్ర మీద వాలి, నేను తాగడం అయ్యేదాకా ఎదురుగా నిలబడే ఉన్నాడు.