వీరయ్య లేహ్యం

మిర్యాలగూడలో వడ్ల గిర్ని నడిపే వీరయ్య రోజూ పొద్దున భార్య చేతికిచ్చిన ఉసిరికాయంత లేహ్యం నోట్లో వేసుకుని వేడి పాలు తాగేవాడు. గిర్నికి చేరేలోగా మళ్లీ గొంతు ఎండిపోయేది.

ఆ లేహ్యం తల్లి నరసమ్మ కోదాడ వైద్యుడి దగ్గరి నుంచి తెప్పించింది. నలభై ఏళ్లకే కొడుకు పడక వేరు చేసుకోవడం చూసి, సంగతి గ్రహించి, కారణం కూడా తానే తేల్చుకుంది. మొగుణ్ణి గుప్పిట్లో ఉంచుకోవాలని కోడలు ఆండాళు అన్నంలో మందు పెట్టిందట, అది వికటించిందట. లేహ్యంతో గుణం కనబడకపోయేసరికి కోడల్ని మునగాలలోని పుట్టింటికి పంపి, మరో సంబంధం వెతకసాగింది. వీరయ్య సిగ్గుతో నోరు విప్పలేదు.

1949 వేసవిలో కాలి పుండు మానక సూర్యాపేట వెళ్లాడు. డాక్టరు నాగేశ్వర్ రావు పుండు చూసి, దాహం గురించి అడిగి, తలుపు దగ్గరికి వేశాడు.

“సంసారం ఎట్లున్నది, సేట్?”

“లేదు డాక్టర్ సాబ్. మా ఆమె మందు పెట్టిందంటది అమ్మ. లేహ్యం తినిపిస్తున్నది.”

“ఒక్కపాలే పోయిందా?”

“మెల్లమెల్లగ.”

“తెల్లారి లేసేటప్పుడన్న అంగం గట్టిపడ్తదా?”

“అప్పుడు గూడ లేదు.”

“మనసుల భయమే అయితే తెల్లారి మామూలుగనే ఉంటది. ఇది ఒంటి సంగతి. గిర్ని ఆగితె ఏం జేస్తవ్?”

“ఇంజను సూస్త.”

“దీనికి సూడకుండనే నూనె పోస్తున్నవ్.”

డాక్టరు మూత్రాన్ని నీలం రంగు పరీక్ష మందులో కలిపి కాచాడు. అది ఇటుక రంగుకు తిరిగింది. చక్కెర వ్యాధి. బెల్లం పాకంతో చేసిన లేహ్యం దాన్ని ఇంకా పెంచింది.

“మళ్ల మునుపటి లెక్క అయితదా?”

“మాటియ్యను. సక్కెర తగ్గితె కొంత రావచ్చు.”

వీరయ్య మిర్యాలగూడ బస్సు ఎక్కలేదు, కోదాడ బస్సెక్కి మునగాలలో దిగాడు. మామగారి ఎదుట నిలబడే చెప్పాడు.

“ఆండాళు తప్పేం లేదు మామా. నా ఒంట్ల సక్కెర ఉన్నది. లేహ్యం గూడ బెల్లమేనంట.”

గడప లోపలి నుంచి ఆండాళు అంది: “అయితే మందు పెట్టిన మాట నిజమే. అత్తమ్మ తెప్పిచ్చింది, రోజూ నా చేత్తోనే పెట్టిన.”

ఆమె బట్టలు సర్దుకుంది.

ఇప్పుడు వీరయ్య జొన్నరొట్టె తింటాడు, సూదిమందు వేయించుకుంటాడు. కొంత మెరుగు, పూర్తిగా కాదు. ఆండాళు అతనితో మిర్యాలగూడలోనే ఉంటోంది.