ఎర్ర సుద్దతో కొలిచిన గల్లీ

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. మంచి మనసుతో వెళ్లి "మీ ఇంటి చరిత్ర చెప్పండి" అని అడిగితే చాలు, మనుషులు పొంగిపోయి, చాప పరిచి కూర్చోబెట్టి, ముత్తాతల కాలం నుంచి అంతా చెప్పేస్తారని. (ఎం.ఏ. చదివిన రెండేళ్లలో ఎక్కడో అంటుకుని ఉంటుంది.) జహీరాబాద్‌లో ఒక డిగ్రీ కాలేజీలో కాంట్రాక్టు లెక్చరర్‌గా చేరిన కొత్త. మాది రాయికోడ్ దిక్కు పల్లె. టౌనులో చిన్నమ్మ ఇంట్లో ఉండేదాన్ని. కాలేజీకి వెళ్లే దారిలో ఒక పాత గల్లీ వచ్చేది. రాతి కమానులు, చెక్కిన దర్వాజాలు, మూరెడు మందం డంగుసున్నం గోడలు. వీటిని ఎవరు కట్టారు, వాళ్లు ఎక్కడి నుంచి వచ్చారు, ఎవరి పక్కన ఎవరు ఎందుకు స్థిరపడ్డారు, ఇదంతా తేల్చి ఒక చిన్న పుస్తకం రాయాలని పట్టుదల పట్టాను. "పెండ్లికొడుకు ఇల్లు సూశొస్తరు గని, ఊరోళ్ల ఇండ్లన్ని సూస్తవేందే?" అని చిన్నమ్మ రోజూ అనేది.

మొదటి నెలంతా గల్లీ నన్ను గుమ్మం దాటనివ్వలేదు. "ఏం చరిత్ర మేడం, వానకాలం ఇండ్లు ఉరుస్తయి, గదే చరిత్ర" అన్నాడొకాయన. బెల్లం దుకాణం నడిపే పెద్దమనిషి ఉండేవాడు, గల్లీ అంతా బెల్లం అప్ప అనే పిలిచేది. ఆయన ఇంకా క్లుప్తంగా తేల్చేశాడు: "మా పెద్దలు కర్ణాటక దిక్కు నుంచి వచ్చిన్రు. గంతే." పాత కాగితాలేమైనా ఉన్నాయా అని అడిగితే మాత్రం గల్లీ మొత్తం ఒకే జవాబు చెప్పేది: "చెదలు తిన్నయి." అన్ని ఇళ్ల కాగితాలూ తిన్న ఆ చెదలు దర్వాజాలను ఎందుకు వదిలేశాయో నాకు అర్థమయ్యేది కాదు.

మనుషులు చెప్పకపోతే గోడలే చెబుతాయి అనుకుని, ఒక సెలవు రోజు పొడుగు టేపు, రాసుకునే అట్ట పట్టుకుని, మెడలో కాలేజీ కార్డు వేసుకుని కొలతలకు దిగాను. టేపు కొస రాయి కింద పెట్టి లాగడం, కొలిచిన చోట సుద్దతో గీత గీసి ఇంటి నంబరు వేయడం. కాలేజీలో తెల్ల సుద్ద అయిపోయి ఎర్రది మాత్రమే మిగిలింది కాబట్టి ఎర్రదే తెచ్చాను. కొన్ని ఇళ్లలో గోడ మందం తెలియడానికి లోపలి పక్క కూడా గీతలు పెట్టాను. అందరూ గుమ్మాల్లో నిలబడి మాట్లాడకుండా చూశారు. ఆ మౌనాన్ని నేను గౌరవం అనుకున్నాను.

మర్నాడు సాయంత్రం వెళ్లేసరికి గల్లీ పూర్తిగా మారిపోయింది. "కూసోన్రి మేడం", "చాయ్ తాగున్రి మేడం" అంటూ కుర్చీలు బయటికి వచ్చాయి. బెల్లం అప్ప వేడివేడి మిర్చి బజ్జీలు తెప్పించాడు. చెదలు తిన్న కాగితాలన్నీ గుడ్డ సంచుల్లోంచి, రేకు పెట్టెల్లోంచి చెక్కుచెదరకుండా లేచి వచ్చాయి. ఎక్కువ భాగం ఉర్దూలో ఉన్నాయి. నాకు ఉర్దూ ఒక్క అక్షరం రాదు. అయినా గంభీరంగా తల ఊపుతూ ఫోనులో ఫోటోలు తీసుకున్నాను. ఆ రాత్రి నోటుబుక్కులో "ప్రజల్లో చారిత్రక చైతన్యం మేల్కొన్నది" అని రాసుకున్నాను. (ఆ పేజీ ఇంకా ఉంది. ఎవరికీ చూపించను.)

ఆ బజ్జీల దగ్గరే అప్ప గొంతు తగ్గించి అడిగాడు: "మేడం, మా దిక్కు జర తక్కువ తీసుకోన్రి."

ఎంత వినయం ఈయనకు అని మురిసిపోయాను. "అదేం మాట అప్పా! గల్లీల మీదే ముఖ్యమైన ఇల్లు. అందరికన్న మీదే ఎక్కువ తీసుకుంట."

"ఎక్కువనా? ఏడి దాక?"

"వంటిల్లు దాక. వెనక కొట్టం సుత వదిలిపెట్ట."

అప్ప తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. బజ్జీ కారంగా ఉందేమో అనుకున్నాను.

మూడో రోజు గల్లీ చివర ఖాలా ఇంటికి వెళ్లాను. ఆమెను హిందువులూ ముస్లింలూ అందరూ ఖాలా, అంటే పిన్ని, అనే పిలిచేవారు. వెనకటి ఉర్దూ మీడియం బడిలో పంతులమ్మగా చేసింది. అన్నిటికన్నా అందమైన కమాను ఆమె ఇంటిదే. నేను వెళ్లేసరికి ఆమె కొడుకూ, ఒక వడ్రంగీ కలిసి గడ్డపారతో దర్వాజా చట్రాన్ని గోడలోంచి పెకలిస్తున్నారు. సున్నం పెళ్లలు రాలుతున్నాయి. ఖాలా మంచం మీద కూర్చుని, అటు చూడకుండా కొంగు కొసను చుడుతూ విప్పుతూ ఉంది.

"దర్వాజ ఎందుకు తీస్తున్నరు?" అని అరిచినంత పని చేశాను.

"నీ ఎర్ర గీత ఇంట్ల దాక వచ్చింది గద బేటా," అంది ఖాలా మెల్లగా. "రోడ్డుకు గోడ పోతె పోనీ. దర్వాజ అన్న దక్కించుకుందామని. మా తాత, మా దాదా, తన చేతులతోటి నిలిపింది అది."

అప్పుడు నాకు వెలిగింది. రోడ్డు వెడల్పు చేసే ముందు ఇళ్ల గోడల మీద ఎర్ర గీతలే పెడతారు. మెడలో కార్డు, చేతిలో టేపు, ఇంటికో నంబరు. వాళ్లు కాగితాలు చూపింది చరిత్రకారిణికి కాదు, ఇళ్లు కూలగొట్టే ఆఫీసరమ్మకు. ఒక్క మాట దాచకుండా చెప్పాలంటే, ఇంకా రెండు ఇళ్ల కాగితాలు చూడాల్సి ఉందని, ఇంకొక్క రోజు నోరు మూసుకుంటే చాలని కూడా నా బుర్రకు తట్టింది. ఈలోగా గడ్డపార మరోసారి దిగి, కమాను మీది నుంచి అరచేయంత సున్నపు పువ్వు రాలి ఖాలా పాదాల దగ్గర పడింది.

"ఆపున్రి! రోడ్డు లేదు, ఏం లేదు! నేను ఆఫీసరును కాదు, పుస్తకం రాస్తున్న!" అన్నాను.

క్షణాల్లో గల్లీ అంతా అక్కడికి చేరింది. బెల్లం అప్ప ముందుకొచ్చాడు. "రోడ్డు లేదా? మరి నాది వంటిల్లు దాక తీసుకుంట అంటివి?"

"ఫోటోలు అప్పా. ఫోటోలు తీసుకుంట అన్న."

"రెండు రాత్రులాయె నాకు నిద్ర లేక!" అప్ప మేడం అనడం మానేశాడు. "మా ఇంటామె అయితె వంటిల్లు సామానంత మూటలు గట్టింది. ఆ బజ్జీలు కక్కు నువ్వు!"

ఎవరో పోలీస్ స్టేషన్ అన్నారు, ఎవరో కాలేజీ ప్రిన్సిపాల్ అన్నారు. చివరికి గీతలన్నీ నా చేతులతోనే తుడవాలని తీర్పు అయింది. బకెట్టు, పాత గుడ్డ ఇచ్చారు. కమాను కమానుకూ వంగి తుడుస్తుంటే, గల్లీ పెద్దలు వెంట నడుస్తూ "గీడ ఇంక ఉన్నది సూడు" అని వేలు పెట్టి చూపించారు. తుడవడం అయ్యాక ఖాలా ముందు ఫోను పెట్టి, అన్ని ఫోటోలూ చెరిపేస్తానన్నాను. ఏడుపు ఆపుకుంటున్నానని ఆమెకు తెలిసిపోయినట్టుంది.

"ఆగు. అండ్ల ఏమున్నదో సదివినవా?"

"నాకు ఉర్దూ రాదు ఖాలా."

గల్లీ అంతా ఒక్కసారి గొల్లున నవ్వింది. ఖాలా నవ్వలేదు. కళ్లద్దాలు పెట్టుకుని, లోపలి నుంచి తన కాగితమే తెచ్చి గట్టిగా చదవడం మొదలుపెట్టింది. ఇంటికి నాలుగు హద్దులు. తూర్పున దారి, ఉత్తరాన గాజుల వాళ్ల ఇల్లు, దక్షిణాన బీదర్ దిక్కు నుంచి వచ్చిన బెల్లం వ్యాపారి ఇల్లు. ఆ వ్యాపారి పేరు చదవగానే అప్ప గోడ వదిలి ముందుకు వంగాడు.

"మల్ల సదువు ఖాలా."

ఆమె మళ్లీ చదివింది.

"మా ముత్తాత," అన్నాడు అప్ప. "ఆయన పేరు నాకు పెట్టబోయి, మా నాయిన మార్చిండు." ఎవరూ అడగకుండానే ఇంటికి వెళ్లి, తన రేకు పెట్టెను చంకన పెట్టుకుని వచ్చాడు. అప్ప కాగితంలో ఉత్తరపు హద్దు ఖాలా వాళ్ల దాదా ఇల్లు: "కమానులు కట్టే రాతి మేస్త్రీ" అని రాసి ఉంది. అంటే గల్లీలోని కమానులన్నీ ఆయన చేతివేనేమో! మిగతావాళ్లూ తమ కాగితాలు తెచ్చారు. ప్రతి కాగితంలోనూ పక్కింటివాళ్లున్నారు. ఒకదాని పక్కన ఒకటి పెడితే పాత గల్లీ ఇల్లిల్లూ దొరికింది. చీకటి పడేదాకా ఖాలా చదువుతూనే ఉంది, నేను రాస్తూనే ఉన్నాను, ఎవరి పెద్దల పేరు వస్తే వాళ్లు "గదే, గదే" అంటూనే ఉన్నారు.

వడ్రంగి మర్నాడు దర్వాజాను మళ్లీ బిగించాడు. అసలు ఇల్లు తీసేసి స్లాబు వేద్దామనుకున్న ఖాలా కొడుకు, ఆ ఎండాకాలం సున్నం కలిపే పాత మేస్త్రీని మొగుడంపల్లి నుంచి వెతికి తెచ్చి కమానుకు మరమ్మతు చేయించాడు. దాన్ని చూసి ఇంకో రెండు ఇళ్లవాళ్లు కూడా స్లాబు మాట పక్కన పెట్టారు. నా పుస్తకం సన్నగానే వచ్చింది. బెల్లం అప్ప దుకాణంలో త్రాసు పక్కన ఒక ప్రతి ఉంటుంది. వచ్చినవాళ్లందరికీ తన పేజీ తీసి చూపిస్తాడు.

నేను ఖాలా దగ్గర ఉర్దూ నేర్చుకున్నాను. ఇప్పుడామెకు చూపు మందగించింది. చదవడం నా వంతు. మొన్న కోహీర్ నుంచి ఒకాయన వాళ్ల పాత కాగితం పంపితే, ఆమె పక్కన కూర్చుని ధాటిగా చదివాను. "పడమర హద్దు, గఢీ!" అన్నాను. ఎవరికీ తెలియని దొరల గడీ, కోటంత ఇల్లు! ఖాలా భూతద్దం తెప్పించుకుని, కాగితాన్ని ముక్కు దాకా తెచ్చుకుని చూసి, కిలకిలా నవ్వింది.

"గఢీ కాదు బేటా, గాడీ. ఎడ్ల బండ్లు నిలిపె జాగ."

నేను అప్పటికే ఆ గడీకి నాలుగు బురుజులు లేపి, పుస్తకానికి పేరు కూడా ఆలోచించేశాను. ఒక్కో బురుజునూ దించుకుంటూ, ఆమెతో పాటు నేనూ నవ్వి, మళ్లీ మొదటి వరుస నుంచి చదవడం మొదలుపెట్టాను.