జగజ్జేతల తప్పులు దిద్దిన నోటుబుక్కు

ఆ రోజుల్లో నాకు ఇరవై ఏళ్ళు, తాలూకా ఆఫీసులో కొత్త గుమస్తా ఉద్యోగం, లోకంలో ఎవరికీ తెలియని సంగతులు కూడా నాకు తెలుసన్న నమ్మకం. (మొదటి రెండూ వాటంతటవే పోయాయి. మూడోదాన్ని ఒకరు పూనుకుని పోగొట్టాల్సి వచ్చింది.) నారాయణఖేడ్‌కు హైదరాబాద్ పేపరు మధ్యాహ్నం బస్సులో వచ్చేది. ఎక్కడో పరదేశంలో ఇద్దరు మహానుభావులు ప్రపంచ చదరంగం కిరీటం కోసం నెలల తరబడి తలపడుతుంటే, వాళ్ళ ఎత్తులు ఆ ఇంగ్లీషు పేపర్లో ఒక మూలన అచ్చయ్యేవి. సాయంత్రం లైబ్రరీలో కూర్చుని వాటిని నోటుబుక్కులోకి ఎక్కించేవాణ్ణి. ఎత్తుకు బదులు రెండు సున్నాలు వేసినచోట ఏం జరిగిందో వారం రోజులు అంతుపట్టలేదు. తర్వాతి ఎత్తుల నుంచి వెనక్కి లెక్కగట్టి, రాజూ ఏనుగూ పక్కపక్కకు చేరాయని కనిపెట్టిన రోజున నా నడకే మారిపోయింది.

నాకు ఆట నేర్పింది మా మేనమామ. బజార్లో టైలరు. రవికలు కుట్టగా మిగిలిన ఎర్ర ముక్కలూ తెల్ల ముక్కలూ కలిపి ఆయన కుట్టిన గుడ్డే మా చదరంగం బల్ల. మా ఊరి ఆటలో రాజుకు ఒక హక్కు ఉంది. ఎదుటివాడు రాజుకు గురిపెట్టి ఒక్కసారి కూడా ‘షా’ చెప్పకముందు, ఆట మొత్తమ్మీద ఒకే ఒకసారి, రాజు గుర్రంలా దూకొచ్చు. లోకమంతా ఇలాగే ఆడుతుందని మామ నమ్మకం. మామ మాట నాకు వేదం. అందుకని నా నోటుబుక్కులో ఎత్తుల పక్కన ఎర్ర సిరాతో వ్యాఖ్యానం కూడా వెలిసింది. ‘ఇక్కడ నల్లరాజు దూకి ఉంటే బతికేవాడు. తొందరపడి ఓటమి ఒప్పుకున్నాడు.’ ఇంకోచోట, ‘ఇంత పెద్ద ఆటగాడు దూకుడు మరిచిపోవడం విచారకరం.’ ఇలా నలభై ఆటల్లో జగజ్జేతలను మందలించాను.

“మా అల్లుడు గా దొరల తప్పులు దిద్దుతుండు. బుక్కు లైబ్రరీల పెడుతుండ్రు” అని కొలతలివ్వడానికి వచ్చిన ప్రతివాడికీ మామ చెప్పేశాడు. లైబ్రరీ సారు మాత్రం, “ఆట తెల్సినోళ్ళు ఎవలన్న సూసి సంతకం పెట్టాలె. గప్పుడు పెడ్త” అన్నాడు. దవాఖానకు కొత్తగా వచ్చిన డాక్టరమ్మ కాలేజీలో చదరంగం ఆడి కప్పు గెలిచిందని కాంపౌండరు చెబితే, నోటుబుక్కు తీసుకెళ్ళి ఆమెకిచ్చాను. సంతకం రాకపోతే మామ బజార్లో తలెత్తుకోలేడు. నేను ఆ బజారు దారినే నడవలేను.

వారానికి పిలుపొచ్చింది. రోగులు వెళ్ళిపోయారు. బల్ల మీద నా నోటుబుక్కు, పక్కన చెక్క చదరంగం. “కూసో తమ్మీ, ఒక్క ఆట ఆడుదాం” అందామె. నడుమ నా రాజుకు ఇరకాటం వచ్చింది. నేను కంగారు పడకుండా రాజును గుర్రంలా దూకించాను.

“ఏంది తమ్మీ గిది?”

“దూకుడు మేడం. ఒక్కపారే. షా పడలే గద.”

ఆమె నా వైపు చూసింది, నోటుబుక్కు వైపు చూసింది, బల్ల కిందికి వంగి ఏదో వెతికింది. (కింద ఏమీ పడలేదు. పాపం, నవ్వు దాచుకోవడానికి వంగిందని నాకు చాలా ఏళ్ళకు అర్థమైంది.) లేచి మెల్లగా, “గీ దూకుడు మన దిక్కే ఉన్నది తమ్మీ. వాళ్ళ ఆటల లేదు” అంది.

నలభై ఆటల ఎర్ర సిరా కళ్ళ ముందు తిరిగింది. “చింపేస్త మేడం” అంటూ నోటుబుక్కు అందుకోబోతే ఆమె దాని మీద అరచెయ్యి పెట్టింది.

“ఎందుకు చింపుడు? ఎత్తులన్నీ సక్కగ రాసినవ్, ఒక్క తప్పు లేదు. దూకినంక ఏమైతదో సూద్దాం పా.”

ఆ తర్వాత చాలా రోజులు, దవాఖానలో పని తీరిన వేళల్లో, ఒక్కో ఆటా పరిచి నేను దూకించమన్న రాజును నిజంగానే దూకించి ఆడాం. దాదాపు అందరూ నాలుగైదు ఎత్తుల్లో మళ్ళీ చచ్చారు. ఒక్క ఆటలో మాత్రం నల్లరాజు దూకి బతికాడు. ఆమె గంటసేపు తరిమినా దొరకలేదు. “గిది మాత్రం నీదే తమ్మీ” అని, నోటుబుక్కు మొదటి పేజీలో రాసింది: ‘ఎత్తులు సరిచూశాను. వ్యాఖ్యానం నారాయణఖేడ్ ఆట ప్రకారం చదువుకోవాలి.’ కింద సంతకం. బుక్కు లైబ్రరీలోకి చేరింది. మామ ఆ వాక్యం చదివించుకుని, “సూసినవా, మన ఆటకు పేరు గూడ పెట్టింది” అని మురిసిపోయాడు. చివరిదాకా దూకించడం మానలేదు.

డాక్టరమ్మకు తర్వాత బదిలీ అయింది. ఒక్క మంచి మాట చెప్పి సాగనంపాలని కూడా ఆ వయసులో నాకు తోచలేదు. ఆ రోజు ఆమె గట్టిగా నవ్వి ఉంటే, నేను మళ్ళీ ఏ కాగితం మీదా నా సొంత మాట ఒక్కటి రాసేవాణ్ణి కాదు. ఇప్పుడు నాకు రూల్సన్నీ తెలుసు. పెద్దవాళ్ళ ఆట పేపర్లో పడితే రెండుసార్లు చదివి నోరు మూసుకుంటాను. ఆ గుమస్తా పొగరు తలుచుకుంటే నవ్వొస్తుంది, కొంచెం అసూయ కూడా. ఆ దవాఖానలో ఆమె ఎంతమందిని బతికించిందో నాకు తెలియదు. వాళ్ళలో నేనొకణ్ణి.