పువ్వున్న టీ గిన్నె

వైటుకే సాఫ్ట్‌వేర్ పనికని పరాయి దేశం వెళ్లిన రోజుల్లో, ఒక ఉదయం నేనుండే క్లేటన్ నుంచి ఆఫీసుకు వెళ్తుంటే రైలు రెండు స్టేషన్ల మధ్య ఆగిపోయింది. ఏసీ కూడా పోయింది. కన్సల్టెన్సీకి రాసిచ్చిన బాండు తీరేదాకా ఉద్యోగం ఎలాగూ వదల్లేను. ఇప్పుడు రైల్లోంచీ దిగలేను. ఊపిరాడక తలుపు పిడి పట్టుకుని లాగుతూనే ఉన్నాను.

“కాస్త కూర్చో,” అంది ఇంగ్లిష్‌లో, ఎదుటి సీటులోని జపాన్ పెద్దావిడ. ఒళ్లోని మట్టి గిన్నెలోకి ఫ్లాస్కులోని గ్రీన్ టీ వంచి, దాని మీద గీసిన తెల్లపువ్వు నావైపుండేలా అందించింది.

పరాయివాళ్ల గిన్నె ఎంగిలి చేయకూడదని పైకెత్తి నోట్లో పోసుకోబోయాను. గిన్నె వెడల్పు, కొంత టీ చొక్కా మీద ఒలికింది. ఆవిడ నవ్వలేదు. గిన్నెను నా చేతుల్లోనే కొంచెం తిప్పింది.

“పువ్వు మీద పెదవి పెట్టకూడదు. ఇటువైపు పెట్టుకుని తాగు.”

“మళ్లీ ఇందులో మీరు తాగాలి కదా, ఆంటీ!”

“అందుకే ఇచ్చాను.”

తాగాను. నా పెదవి తగిలిన అంచును గుడ్డతో తుడిచి, మిగిలిన టీ ఆవిడ తాగేసింది.

ఆ దేశం వచ్చాక నా ఎంగిలి తాగిన మొదటి మనిషి ఆవిడే. రైలు ఇంకా కదల్లేదు. నేను మాత్రం మళ్లీ తలుపు దగ్గరికి వెళ్లలేదు.