తడిసిన తెల్ల చొక్కా

తొంభైల్లో ఐటీఐ చదివి, పటాన్‌చెరులో నీటి వాల్వులు చేసే ఫ్యాక్టరీలో చేరాను. లీకేజీ పరీక్షించడం నా పని. ఒకరోజు ఒక వాల్వు నుంచి చిన్న చుక్క కారింది. ఏం కాదులే అనుకుని పాస్ ముద్ర వేసేశాను.

మధ్యాహ్నం వాల్వులు కొనే పెద్దాయన వచ్చారు. ఆయనకు చూపించడానికి మా సూపర్‌వైజర్ సరిగ్గా ఆ చుక్క కారిన వాల్వునే బిగించి ప్రెషర్ పెంచారు. నీళ్ళు ఎగజిమ్మి పెద్దాయన తెల్ల చొక్కా మొత్తం తడిసిపోయింది. నేను పెద్దాయన ముందుకెళ్ళాను.

"అది నేనే పాస్ చేసిన సార్. చుక్క కారుడు సూసి గూడ ఇడిసిపెట్టిన," అన్నాను.

ఆయన ముఖం తుడుచుకుని, "నిజం జెప్పినవ్. ఇగ అన్నీ మళ్ళ సూడు. నేను గీడనే కూసుంట," అన్నారు.

సాయంత్రందాకా నలభై వాల్వులు చూసి ఇంకో మూడింటిని పక్కన పెట్టాను. వెళ్తూ ఆయన సూపర్‌వైజర్‌తో, "ఈ పిల్ల సూసినయే మాకు పంపుండ్రి," అన్నారు.

తిట్టి ఉంటే ఆ రోజే మరిచిపోయేదాన్ని. నమ్మారు కాబట్టి, ఉద్యోగం చేసినన్నాళ్ళూ ప్రతి వాల్వునూ రెండుసార్లు చూశాను.