కరుణమ్మగారి బండిలో వెనక సీటు

కరుణమ్మగారు ఇక లేరు. మొన్న మంగళవారం ఉదయం ఢిల్లీ ద్వారకలోని తమ ఫ్లాట్‌లో భర్త దేవదానంగారికి కాఫీ కలిపి ఇచ్చి, తన కప్పుతో కుర్చీలో కూర్చున్నావిడ కూర్చున్నట్టే ఒరిగిపోయారు. పై అంతస్తులో ఉండే నేను కబురు అంది పరుగెత్తుకు వెళ్ళేసరికి దేవదానంగారు ఆవిడ చెయ్యి పట్టుకుని ఉన్నారు. జీవితమంతా పరుల నాడి పట్టి చూసిన మహాతల్లి, తన నాడి చూసే అవకాశం ఎవరికీ ఇవ్వకుండా నిష్క్రమించారు. నాకు దుఃఖం కంటే ముందు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు. అదింకా చల్లారలేదు.

ఆసుపత్రిలో నర్సింగ్ సూపరింటెండెంటుగా ఆవిడ సేవానిరతిని, చర్చిలో ఆవిడ ఔదార్యాన్ని కొనియాడగలవారు ఈ నగరంలో ఎందరో ఉన్నారు. ఆ భాగ్యం వారికే వదిలేస్తున్నాను. పిల్లలకు తెలుగు పాఠాలు చెప్పుకుని రిటైరైన నేను ఆవిడ కారు గురించి రాస్తాను. ఆ మనిషి ఔన్నత్యాన్ని నేను చూసింది అందులో కూర్చునే.

అది చిన్న కారు. లోపల ఇంజను మాత్రం పెద్దది. అలాంటివాటిని కుర్రకారు హాట్ హ్యాచ్ అంటారట. బాపట్ల దగ్గరి పల్లె నుంచి వచ్చి ఢిల్లీ వార్డుల్లో తెల్లబట్టలతో బతికిన ఆవిడ, రిటైరైన వెంటనే ఎర్రటి బండి ఒకటి కొనేసరికి చర్చి పెద్దలు ముక్కున వేలేసుకున్నారు. నేనూ ఊరుకోలేదు. "ఈ వయసులో ఇదేం సరదా అండీ?" అన్నాను. "సర్వీసంతా స్ట్రెచర్లు తోశాను టీచర్ గారూ. ఇప్పుడు నాకు నచ్చింది నన్ను తోలుకోనివ్వండి" అన్నారు, కారు అద్దం తుడుస్తూ.

ఆదివారం తెల్లవారుతూనే, ఆరాధనకు ముందు, గుర్‌గావ్ నుంచి ఫరీదాబాద్ వెళ్ళే కొండదారి మలుపుల్లో ఆవిడ బండి నడిపేవారు. అతివేగం ఎన్నడూ లేదు. మలుపులోకి ఎంత నిండుగా, ఎంత నిశ్శబ్దంగా వెళ్ళి వచ్చామన్నదే ఆవిడ ఆనందం. కానీ కారు పక్కకి ఒరిగేది, ముక్కు అనుకున్నచోటికి కాక కాస్త బయటికి పోయేది. దాన్ని చక్కదిద్దాలని ఆవిడ పట్టు.

ఆ సమయంలోనే దేవదానంగారు స్నానాలగదిలో జారిపడ్డారు. వెన్నుపూస దెబ్బతింది. వారం వారం ఫిజియోథెరపీకి తీసుకెళ్ళాలి. రోడ్డు మీద ప్రతి గతుకూ ఆయన నడుములో పోటు. కారు అమ్మేసి పెద్దది, మెత్తగా ఊగేది కొనుక్కోమని అందరూ సలహా ఇచ్చారు. నోయిడాలో ఉన్న కూతురి బండి అలాంటిదే. అందులో ఒకసారి వెళితే ఆ ఊగుడికి ఆయన దారంతా వాంతులు చేసుకున్నారు. ఆయన నడుమూ, ఆవిడ ముచ్చటా ఒకే బండిలో ఇమడాలి. ఇమడకపోతే పోవలసింది ఏదో ఆవిడకు తెలుసు. అందుకే ఆ పనిని అంత దీక్షగా పట్టుకున్నారు.

మొదటి అడుగు తప్పటడుగే. గుర్‌గావ్‌లో కార్లకు ఇలాంటి మార్పులు చేసే సత్‌బీర్ అనే మెకానిక్, "మేడమ్‌జీ, పొట్టి స్ప్రింగులు వేద్దాం. గాడీ రోడ్డుకి చిపక్ జాయేగీ" అన్నాడు. వేశారు. నిజంగానే కారు నేలకు అతుక్కున్నట్టు మలుపులు తిరిగింది. ఆవిడ ముఖం వెలిగిపోయింది. వెనక సీట్లో దేవదానంగారు గొంతెత్తి క్రీస్తు కీర్తనలు పాడేవారు. "చూశారా, మా ఆయనకి ఉత్సాహం వచ్చింది" అని ఆవిడ మురిసిపోయారు, పక్కన కూర్చున్న నేనూ మురిసిపోయాను. పల్లవి ఎప్పుడూ స్పీడ్ బ్రేకర్ దగ్గరే ఎందుకు ఎత్తుకుంటున్నారో మా ఇద్దరికీ తట్టలేదు.

ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు ఆయన వీపు తడిమి చూసి, కండరాలు బిగుసుకుపోయాయని, ఏమైనా కుదుపులు తగిలాయా అని అడిగింది. దేవదానంగారు నేల చూపులు చూశారు. ఆవిడకు అర్థమైంది. "మరి పాటలెందుకు పాడారు?" అని అడిగారు. "నువ్వు అంత సంతోషంగా తోలుతుంటే వెనక మూలగడమెందుకులే కరుణా అని." "మూలుగు వినడమేనండీ నా ఉద్యోగం. నా దగ్గరే దాస్తారా?"

మర్నాడే ఆవిడ సత్‌బీర్‌కి తాళాలిచ్చి తోలమన్నారు. తాను వెనక, భర్త కూర్చునే మూలనే, ఆయన నడుముకి కట్టుకునే బెల్టు కట్టుకుని కూర్చున్నారు. ద్వారక సెక్టార్లన్నీ తిప్పించారు. దిగాక నడుము పట్టుకుని, "భయ్యా, బండి అచ్ఛీ హై. నా పేషెంటు మాత్రం ఇందులో కూర్చోలేడు. తీసెయ్" అన్నారు. సత్‌బీర్ ఏదో వాదించబోయాడు. "నువ్వోసారి వెనక కూర్చో, నేను తోలతాను" అనేసరికి ఠీక్ హై మేడమ్ అన్నాడు.

అప్పటినుంచి ఆవిడ పద్ధతి మారింది. ఒకసారి ఒక భాగమే మార్చాలి. మార్చాక ముందుగా తాను వెనక సీట్లో అదే దారిన వెళ్ళాలి. తర్వాతే స్టీరింగు. "రెండు మందులు ఒకేసారి మొదలుపెడితే దేనివల్ల తగ్గిందో ఎలా తెలుస్తుంది?" అనేవారు. పాత స్ప్రింగులు మళ్ళీ బిగించారు. అరిగిపోయిన రబ్బరు బుష్‌లు తీసి కొత్తవి వేశారు. ఆ తర్వాత మంచి షాక్ అబ్జార్బర్లు. గతుకు ఎక్కితే కారు ఒక్కసారి లేచి కుదురుకునేది, ఊగిసలాట పోయింది. చివరికి వెనక చక్రాల మధ్య కాస్త లావుపాటి యాంటీ రోల్ బార్. ఆ కడ్డీ ఏం చేస్తుందని నేను అడిగాను. "స్పీడ్ బ్రేకర్ మీద రెండు చక్రాలూ కలిసి లేస్తే అది కలగజేసుకోదు. మలుపులో ఒకవైపు కుంగబోతే మాత్రం పట్టుకుంటుంది. మంచి డ్యూటీ సిస్టర్ కూడా అంతే టీచర్ గారూ. నిద్రపోయే పేషెంటుని లేపదు" అన్నారు. కావ్యాలకు ప్రతిపదార్థాలు చెప్పిన నాకు ఇంత సుబోధమైన వ్యాఖ్యానం చెప్పడం ఎన్నడూ చేతకాలేదు.

ఆ ఏడు చలి తగ్గాక ఒక ఆదివారం మమ్మల్నిద్దర్నీ వెనక కూర్చోబెట్టుకుని ఆ కొండదారికి తీసుకెళ్ళారు. మలుపు తర్వాత మలుపు. ఒడిలో పెట్టుకున్న నా చేతిసంచీ అటూ ఇటూ జారలేదు. కారు ముక్కు ఆవిడ చూసినచోటికే వెళ్ళింది. దేవదానంగారు పాడటం లేదేమిటా అని పక్కకి చూశాను. ఆయన నోరు కొంచెం తెరుచుకుని హాయిగా నిద్రపోతున్నారు. ఆవిడ వేగం పెంచనూ లేదు, తగ్గించనూ లేదు. మనిషి సాధించదగిన విజయాల్లో ఇంత నిరాడంబరమైనదీ, ఇంత సంపూర్ణమైనదీ నేను మరొకటి చూడలేదు.

ఆవిడ ముక్కుసూటి మనిషి. చర్చి పెద్దలు సరే, నేను కూడా ఆవిడ చేత చీవాట్లు తిన్నాను. మా పాత కారులో నాకు డ్రైవింగ్ నేర్పింది ఆవిడే, నా గేర్లు విని పళ్ళు కొరికిందీ ఆవిడే. తన సుఖాన్ని వదులుకున్నవాళ్ళను త్యాగమూర్తులని పొగుడుతాం. ఆవిడ దేన్నీ వదులుకోలేదు. ఆయన నొప్పిని తగ్గించుకుంటూ తన ఆనందాన్ని నిలుపుకున్నారు. అందుకు కావలసిన ఓర్పు త్యాగానికి కావలసినదానికన్నా ఎక్కువేమో. అటువంటి మనిషి మళ్ళీ మనకు తారసపడరు. ఈ వెలితిని పూడ్చడం ఎవరి తరమూ కాదు. ఆ పుణ్యమూర్తికి చేతులు జోడించి నమస్కరించడం తప్ప నేను చేయగలిగింది లేదు.

సమాధి కార్యక్రమం అయిన వారంలోనే దేవదానంగారి ఫిజియోథెరపీ రోజు వచ్చింది. కూతురు తన పెద్ద కారు తెస్తానంది. ఆయన వద్దన్నారు. తాళాలు నాకిచ్చారు. ఆయన్ని వెనక మూల సీట్లో కూర్చోబెట్టి, మొదటిసారి ఆవిడ సీట్లో కూర్చుని లోపలి అద్దంలోకి చూశాను. వెనక రోడ్డు కనబడలేదు. దేవదానంగారి ముఖం కనబడింది. ఆవిడ అద్దాన్ని అలాగే పెట్టుకున్నారు, వెనక దారికి పక్క అద్దాలు చాలనుకుని. నా చెయ్యి అద్దం దాకా వెళ్ళి ఆగిపోయింది.

"తిప్పుకోండి టీచర్ గారూ. మీకు రోడ్డు కనబడాలి కదా" అన్నారాయన. "ఇకనుంచి నొప్పేస్తే నేనే నోటితో చెప్తాను."

తిప్పుకున్నాను. సొసైటీ గేటు దగ్గరి స్పీడ్ బ్రేకర్ మీదే ఆయన చెప్పారు.