ఊ కొట్టే మనిషి

మా అమ్మ కథ చెప్తుంటే ఎవరో ఒకరు ఊ కొట్టాలి. ఊ ఆగిందంటే కథ కూడా ఆగేది. చింతపండులో గింజలు తీసుకుంటూ, మళ్ళీ ఊ వినబడేదాకా తల ఎత్తేది కాదు.

ఆమె కథలు నా బిడ్డకు మిగలాలని ఒకనాడు ఫోనులో రికార్డు పెట్టిన.

"గీ ఫోను ఊ కొడ్తదా, కొడుకా?" అని నవ్వింది.

"నేను కొడ్త గదనే, నువ్వు చెప్పు" అని, మక్తల్ లైబ్రరీ నుంచి తెచ్చుకున్న పుస్తకం తెరిచిన. జానపద కథల మీద రాసిన పుస్తకమే అది.

అమ్మ పోయినంక, అవ్వ కథ కావాలని పిల్ల అడిగితే ఆ రికార్డు వినిపించిన. కథలో తప్పిపోయిన గొర్రెపిల్ల వాగు దాకా వచ్చింది. అక్కడ అమ్మ ఆగింది.

"ఇంటున్నవా, కొడుకా?"

జవాబుగా పేజీ తిప్పిన చప్పుడు.

"సరే తియ్యి, చదువుకో."

ఆ తర్వాత చాటలో గింజలు పడుతున్న చప్పుడే.

"గొర్రెపిల్ల వాగు దాటిందా, బాపూ?"

చిన్నప్పుడు నేను ఊ కొట్టుకుంటూ విన్న కథే. ఎంత తడుముకున్నా గుర్తుకు రాలేదు. లైబ్రరీలో నేను చదవని కథ లేదని అందరికీ చెప్పుకునే నేను, తెల్వదని చెప్పలేక పుస్తకాల దిక్కు చూసిన.

పిల్ల నన్ను వదిలేసి ఫోను మీదికి వంగింది.

"ఊ" అన్నది. "ఊ, అవ్వా."